పిక్కబలం: పాదాల దాకా దిగిన రక్తం వెనక్కి ఎలా వస్తుంది?

పోయిన వేసవిలో అమ్మ అమలాపురం నుంచి రాత్రి బస్సులో హైదరాబాద్ వచ్చింది. తెల్లవారుజామున దిగేసరికి చెప్పులు కాళ్లకు ఎక్కలేదు. మడమలు బయటే ఉండిపోయాయి. ఇంటికొచ్చి మంచం మీద కాళ్లు చాపాక, చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలాను. చపాతీ పిండి మీద వేలు పెట్టినట్టు గుంట పడింది. అది పూడడానికి నిమిషం పైనే పట్టింది. "ఏం కాదురా, రాత్రంతా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను కదా, నీరు దిగింది. మధ్యాహ్నానికి తీసేస్తుంది" అంది అమ్మ.

నిజంగానే మధ్యాహ్నానికి చాలావరకు తీసేసింది. కానీ ఆ నీరు ఎక్కడిది? ఎటు పోయింది? బడిలో చదివిన రక్తప్రసరణ పాఠాన్ని గుర్తు తెచ్చుకుంటే దీనికి జవాబు దొరకదు. ఎందుకంటే ఆ పాఠం సగంలోనే ఆగిపోతుంది.

బొమ్మ మనందరం గీసిందే. మధ్యలో గుండె, ఎర్ర రంగులో ధమనులు, నీలం రంగులో సిరలు, బాణం గుర్తులు. (ఆ నీలం బొమ్మ కోసమే. సిరల్లో రక్తం కూడా ఎరుపే, కాకపోతే ముదురు ఎరుపు. రక్తదానం చేసినవాళ్లు సంచిలో చూసే ఉంటారు.) మార్కులన్నీ గుండెకే పోతాయి: నాలుగు గదులు, కవాటాలు, లబ్ డబ్ చప్పుడు. నీలం గీతలకు మాత్రం 'చెడు రక్తాన్ని గుండెకు చేరవేస్తాయి' అని ఒకే ఒక్క లైను. ఎలా చేరవేస్తాయని ఏ పరీక్షలోనూ అడగరు.

లెక్క వేసి చూస్తే ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలుస్తుంది. గుండె ఒకసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వెళ్తుంది. నిమిషానికి 70 సార్లనుకుంటే దాదాపు 5 లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తం కూడా ఇంచుమించు అంతే. అంటే ఉన్న రక్తమంతా నిమిషానికోసారి చుట్టి రావాలి. మోటారు ఎన్ని హార్స్‌పవర్లదైనా బోరులో ఊరినంతే పోస్తుంది. గుండె కూడా అంతే, తన దగ్గరికి వచ్చినంతే పంపగలదు.

మరి వెనక్కి నెట్టేది ఎవరు? గుండె దాటిన వెంటనే పెద్ద ధమనిలో ఒత్తిడి సగటున 90 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం. బీపీ మెషిన్ మీద కనిపించే 120, 80 అంకెలు ఈ ఒత్తిడికి పై హద్దు, కింది హద్దు. ధమనుల్ని సిరలతో కలిపే సన్నటి కేశనాళికల గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది 35 దాకా పడిపోతుంది. అవి దాటాక 15. గుండె కుడి గదికి చేరేసరికి సున్నాకు దగ్గర. మొదట ఉన్న ఊపంతా దారిలోనే ఖర్చైపోయింది.

మా కోనసీమ వాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర తలుపు ఎత్తితే గోదావరి నీళ్లు పెద్ద కాలువలోకి, దాన్నుంచి పిల్ల కాలువల్లోకి, చివరికి చేల మధ్య పంట బోదెల్లోకి వస్తాయి. అందరి కళ్లూ ఈ నీటి మీదే. కానీ డెల్టాలో వ్యవసాయం చేసిన ఎవర్నడిగినా, పంట పోయేది ఎక్కువగా నీళ్లు రాకపోవడం వల్ల కాదని, వచ్చిన నీళ్లు పోకపోవడం వల్లేనని చెబుతారు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోతే చేను ముంపే. అమ్మ పాదంలో ఆ రాత్రి జరిగింది కూడా అదే. సాగునీరు బాగానే వచ్చింది, మురుగు లాగలేదు.

ఈ 'మురుగు దారి' ఒకటి ఉందని మనుషులకు తెలియడానికి చాలా కాలం పట్టింది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన మాటే యూరప్‌లో 1,400 ఏళ్లు చెల్లింది. తిన్న తిండి నుంచి కాలేయం రక్తం తయారుచేస్తుందనీ, అది సిరల్లోంచి ఒళ్లంతా పాకి అక్కడే ఖర్చైపోతుందనీ ఆయన లెక్క. తిరిగి రావడమన్న మాటే లేదు.

ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే ఇటలీలోని పాడువాలో చదువుకున్నాడు. అక్కడ ఆయన గురువు ఫాబ్రిసియస్, సిరల లోపల చిన్న చిన్న తలుపులున్నాయని 1603లో బొమ్మలతో సహా అచ్చు వేయించాడు. అవెందుకున్నాయో మాత్రం తప్పుగా అనుకున్నాడు. రక్తమంతా ఒక్కసారిగా కాళ్లలోకి జారిపోకుండా ఆపడానికని ఆయన ఊహ. శిష్యుడు వాటినే ఇంకాస్త జాగ్రత్తగా చూశాడు. మెడలో ఉన్న తలుపులు కూడా గుండె వైపే తెరుచుకుంటున్నాయి. కాళ్లలోకి జారకుండా ఆపడమే వాటి పనైతే, మెడలో కిందికి తెరుచుకోవడమెందుకు?

హార్వే చేసిన పరీక్ష ఇప్పుడు మీరూ చేసి చూడొచ్చు. చేతిని కాసేపు కిందికి వేలాడదీయండి. అరచేతి వెనక నరాలు ఉబ్బుతాయి. చీలికలు లేకుండా తిన్నగా ఉన్న ఒకదాన్ని ఎంచుకుని, వేళ్ల వైపు చివర ఒక వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కణ్ణుంచి మణికట్టు వైపు రక్తాన్ని తోసుకుంటూ వెళ్లి, పై వేలు తీసేయండి. చాలామందికి ఆ నరం కొంతమేర చదునుగా, ఖాళీగా ఉండిపోతుంది. పైనున్న రక్తం ఒక చోట చిన్న ముడిలా ఆగిపోతుంది తప్ప కిందికి రాదు. ఆ ముడి దగ్గరే తలుపు ఉంది. ఇప్పుడు కింది వేలు ఎత్తండి. నరం చటుక్కున నిండుతుంది, అదీ కింది నుంచే. ఏ మెషినూ లేకుండా, చెయ్యి మీద 10 సెకన్లలో తేలిపోయే విషయం ఇది. నాకైతే మొదటిసారి చేసినప్పుడు కొంచెం ఒళ్లు జలదరించింది.

'నరం' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మనం నరం అనేది రెండింటినీ. 'నరానికి సూది వేశారు' అంటే సిర. 'నరాల బలహీనత' అంటే నాడి, అంటే మెదడు కబుర్లు మోసే తీగ. సూది గుచ్చేచోట రక్తం ఉంటుంది, నాడిలో ఉండదు. కాళ్ల మీద నరాలు ఉబ్బాయని నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఇక్కడ కాదని చెప్పించుకుని వెనక్కి వచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు.

హార్వే ఇంకో పని కూడా చేశాడు. కూడికలు, హెచ్చవేతలు. గుండె ఒక్క దెబ్బకు ఎంత పంపుతుందో వీలైనంత తక్కువగా అంచనా కట్టినా, అరగంటలో బయటికి వెళ్లే రక్తం ఒంట్లో ఉన్నదానికంటే ఎక్కువ తేలింది. ఈనాటి అంకెలతో చూస్తే గంటకు 300 లీటర్లు. తిన్న తిండి నుంచి గంటకు 300 లీటర్ల రక్తం ఏ కాలేయం తయారుచేస్తుంది? కాబట్టి వెళ్లిందే తిరిగి రావాలి. 1628లో ఆయన ఈ మాట పుస్తకంగా వేశాడు. ఒక్క ముక్క మాత్రం ఆయనకు దొరకలేదు: ధమనిలోంచి సిరలోకి రక్తం ఏ దారిన దాటుతుంది? ఆయన 1657లో చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 1661లో, ఇటలీకి చెందిన మాల్పీగీ మైక్రోస్కోప్ కింద కప్ప ఊపిరితిత్తి పెట్టి ఆ సన్నటి దారుల్ని చూశాడు. అవే కేశనాళికలు.

పేరు కేశమే గానీ, వెంట్రుక వీటికంటే ఎన్నో రెట్లు లావు. ఎర్ర రక్త కణం మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కన 7, 8 ఉంటే, కొన్ని కేశనాళికలు అంతకన్నా ఇరుకు. కణం ఒళ్లు ముడుచుకుని, ఒకదాని వెనక ఒకటిగా దూరిపోవాలి. అక్కడ రక్తం నడక సెకనుకు అర మిల్లీమీటరు లోపే. ఒక్కో నాళిక సన్నగా ఉన్నా అన్నిటి వెడల్పూ కలిపితే పెద్ద ధమని కంటే వందల రెట్లు ఎక్కువ. కాలువ చేలోకి పరుచుకున్నట్టు రక్తం నెమ్మదిస్తుంది. ఉన్న ఒకటి రెండు సెకన్లలోనే ఆక్సిజన్ ఇవ్వడం, బొగ్గుపులుసు వాయువు తీసుకోవడం అయిపోవాలి.

ఇక్కడే మన నీటి సంగతి. కేశనాళిక గోడ ఒకే ఒక్క కణం మందం. అది కారుతుంది, కారాలి కూడా. రక్తంలోని నీరు, ఉప్పులు, చక్కెర ఆ గోడ సందుల్లోంచి బయటికి వచ్చి కణాల చుట్టూ తడిలా చేరతాయి. లోపలి ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలోనే ఉండిపోయే ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లు ఆ నీటిని లోపలికి పట్టి ఉంచుతాయి. ఈ రెండిటి మధ్య త్రాసు ఎప్పుడూ కాస్త బయటి వైపే మొగ్గి ఉంటుంది. సిరల వైపు ఒత్తిడి పెరిగితే ఇంకా మొగ్గుతుంది.

మరి కూర్చుంటే ఒత్తిడి ఎందుకు పెరగాలి? 'భూమి ఆకర్షణకు ఎదురు రక్తం పైకి ఎక్కలేక' అని చాలాచోట్ల రాస్తారు. అది సగమే నిజం. గోడ మట్టం చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు గుర్తుందా? ఒక కొసను ఎత్తితే రెండో కొసలో నీళ్లు తమంతట తామే పైకి వస్తాయి, ఎవరూ ఎక్కించక్కర్లేదు. మన ఒంట్లో ధమని ఒక కొస, సిర ఇంకో కొస. కిందికి దిగేటప్పుడు భూమి ఎంత సాయం చేస్తుందో పైకి వచ్చేటప్పుడు అంతే అడ్డు పడుతుంది, రెండూ చెల్లుకు చెల్లు. చిక్కు ఎక్కడంటే, మేస్త్రీ ట్యూబు గట్టిది. సిర మెత్తటిది. పల్చటి గోడ, బరువు పడితే సంచిలా సాగిపోతుంది. అసలు మామూలుగానే మన రక్తంలో అరవై శాతానికి పైగా సిరల్లోనే ఉంటుంది. లేచి నిలబడిన కాసేపట్లోనే అర లీటరో, ఇంకాస్త ఎక్కువో నడుము కింది సిరల్లోకి చేరిపోతుంది.

కదలకుండా నిలబడితే గుండె నుంచి పాదం దాకా సిరలో రక్తం ఒకే స్తంభంలా నిలుస్తుంది. ఆ బరువుకు పాదం దగ్గర సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్లకు పోతుంది. పడుకున్నప్పుడు అక్కడ ఉండేది అందులో పదో వంతో, కాస్త ఎక్కువో. (బీపీ చూసేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులో పెట్టమనేది ఈ బరువు వల్లే. చెయ్యి వేలాడేస్తే అంకె అనవసరంగా పెరిగి, దాన్ని చూసి టెన్షన్‌తో ఇంకాస్త పెరుగుతుంది.)

ఇప్పుడు నాలుగు అడుగులు వేయండి. అదే సిరలో ఒత్తిడి 90 నుంచి 30 కిందికి దిగిపోతుంది. ఈ పని చేసింది పిక్క.

మన భాషలో పిక్కబలం చూపించడమంటే పారిపోవడం. ఆ మాట పుట్టించినవాళ్లకు తెలియదుగానీ, పిక్కకు ఇంకో బలం ఉంది. పిక్క కండరాల మధ్యలోంచి లావుపాటి సిరలు పోతాయి. అడుగు వేసి మడమ ఎత్తినప్పుడు కండరం బిగుసుకుని వాటిని పిండుతుంది. తలుపులు పైకే తెరుచుకుంటాయి కాబట్టి రక్తం పైకే పోవాలి. కండరం వదులయ్యాక కింది రక్తం వచ్చి ఆ ఖాళీని నింపుతుంది. ఒక్కో తలుపూ మూసుకున్నప్పుడల్లా ఆ పొడవాటి స్తంభం చిన్న చిన్న ముక్కలవుతుంది, బరువు తెగుతుంది. రక్తదానం చేసేటప్పుడు మెత్తటి బంతిని పిసుకుతూ ఉండమంటారే, అదీ ఇదే కిటుకు, ముంజేతి కండరాలతో. ఊపిరి కూడా తన వంతు లాగుతుంది. గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో ఒత్తిడి తగ్గి, కడుపు వైపు సిరల్లోని రక్తం పైకి జరుగుతుంది.

స్కూల్లో ఎండలో ప్రేయర్‌కి నిలబెడితే ఎవరో ఒకరు ధబీమని పడిపోయేవారు. 'పొద్దున్న టిఫిన్ తినలేదు' అనేవాళ్లు టీచర్లు. అదీ కొంత కారణమై ఉండొచ్చు. అసలు సంగతి అటెన్షన్‌లో ఉంది. కదలకూడదు, పిక్కలు పని చేయవు. ఎండకు చర్మంలోని నాళాలు తెరుచుకుని ఇంకొంత రక్తం అటు పోతుంది. గుండెకు వచ్చేది తగ్గి, మెదడుకు వెళ్లేదీ తగ్గి, కళ్లు బైర్లు కమ్ముతాయి. పడిపోవడం శరీరం చేసుకునే వైద్యమే. అడ్డంగా పడగానే కాళ్లలో నిలిచిన రక్తం గుండెకు చేరుతుంది, నిమిషంలో తెలివి వస్తుంది. మనమేమో హడావుడిగా లేపి కుర్చీలో కూర్చోబెట్టి నోట్లో నీళ్లు పోస్తాం. ఊపిరి బాగానే ఆడుతుంటే పడుకోనిచ్చి, కాళ్లు కాస్త ఎత్తి పట్టుకుంటే చాలు.

పడిపోనివాళ్ల కథ ఇంకా పొడుగు. మంగలి షాపులో, హోటల్ వంటింట్లో, ట్రాఫిక్ కూడలిలో రోజూ 10 గంటలు నిలబడే మనిషి పడిపోడు, అలవాటు పడతాడు. కానీ సాగిన సిరలో తలుపు రెక్కలు ఒకదానికొకటి అందవు, సందు పడుతుంది. పైనుంచి కారిన రక్తం కింది తలుపు మీద పడి దాన్నీ చెడగొడుతుంది. ఏళ్లు గడిచేసరికి పిక్క మీద వంకర్లు తిరిగిన నీలి తాళ్లు, చీలమండ చుట్టూ నల్లబడిన చర్మం, మానని పుండు. అందరికీ రాదు, పుట్టుకతో వచ్చే బలహీనత, కాన్పులు, బరువు కూడా కారణాలే. చీరల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. ఒక స్టూలు కోసం చట్టం కావాల్సి రావడం మీద నాకు చెప్పాలని చాలా ఉందిగానీ, ఇది రక్తం గురించిన వ్యాసం.

సిరల్లోకి తిరిగి చేరని నీటికి ఇంకో దారి ఉంది, శోషరస నాళాలు. కణాల మధ్య మిగిలిన నీటిని, జారిపోయిన ప్రోటీన్లను ఇవి పోగుచేసి, మెడ కింద పెద్ద సిరల్లో కలుపుతాయి. రోజుకు కొన్ని లీటర్లు. ఈ నాళాలకూ తలుపులున్నాయి, వీటినీ కదలికే నడిపిస్తుంది. ఇవి మూసుకుపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. బోదకాలు పురుగులు కాపురం పెట్టేది ఈ నాళాల్లోనే. ఆ పురుగును మోసే క్యూలెక్స్ దోమ పెరిగేది మురికి కాలువల్లో. ఊరి మురుగు నిలిస్తే ఒంట్లో మురుగు నిలుస్తుందన్నమాట. ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రలు ఒంట్లో తిరిగే పిల్ల పురుగుల్ని చంపి, దోమ వాటిని ఇంకొకరికి మోయకుండా చేస్తాయి. ఒకసారి గట్టిపడ్డ కాలును మాత్రం మునుపటిలా చేయలేవు.

అమ్మ విషయానికొస్తే, రెండు కాళ్లూ సమానంగా వాచాయి, నొప్పి లేదు, పడుకుంటే తగ్గింది. అందుకే నేను పెద్దగా కంగారు పడలేదు. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. గంటల తరబడి కదలని పిక్కలో నిలిచిన రక్తం లోపలి సిరలో గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ ఊడి గుండె మీదుగా ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. కూతురి పురుడుకని అమెరికా విమానం ఎక్కే అమ్మలు ఊరగాయ సీసాలు పగలకుండా ఎంత జాగ్రత్తగా కడతారో, గంటకోసారి సీట్లోంచి లేచి నాలుగడుగులు వేయడమూ అంత జాగ్రత్తగా చేయాలి. లేవలేకపోతే కూర్చునే మడమలు ఎత్తి దించుతూ ఉండొచ్చు, పిక్కకు తేడా తెలియదు.

వారం తర్వాత ఏదో చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ అమ్మ పాదాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న బస్సు గురించి కాదు. "బీపీకి ఏం వాడుతున్నారమ్మా?" అని. ఆమ్లోడిపిన్, 10 మిల్లీగ్రాములు. ఆయన తల ఊపారు.

ఒత్తిడి 100 నుంచి 35కి పడిపోతుందన్నానే, ఆ పడిపోవడంలో ఎక్కువ భాగం జరిగేది కేశనాళికలకు ముందుండే సన్నటి ధమనికల్లో. అవి బోదె మొదట్లో ఉండే తూముల్లాంటివి. గోడల్లో కండరం ఉంటుంది, అది బిగిస్తే నీరు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. ఆమ్లోడిపిన్ ఆ కండరాన్ని వదులు చేస్తుంది. తూములు తెరుచుకుంటాయి, పెద్ద కాలువలో ఒత్తిడి దిగుతుంది, మెషిన్ మీద అంకె బాగుంటుంది. కానీ అదే ఒత్తిడిలో కొంత ఇప్పుడు కేశనాళికల్లోకి చొరబడింది. సిరల వైపు మాత్రం దారి అంతగా తెరుచుకోలేదు. ఇక చేను తడవక ఏమవుతుంది? ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి, నీరు పోయే మాత్ర వేసినా పెద్దగా తగ్గదు. డోసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. అలాగని మాత్ర సొంతంగా ఆపేస్తే బీపీ మళ్లీ ఎగబాకొచ్చు. డాక్టర్ దాన్ని 5కి తగ్గించి, సిరల వైపు దారి కూడా కాస్త తెరిచే ఇంకో రకం మాత్ర జతచేశారు.

"అయితే బస్సు తప్పు లేదన్నమాట" అంది అమ్మ బయటికొచ్చాక.

"బస్సుదీ ఉంది, మాత్రదీ ఉందమ్మా."

దసరాకి మళ్లీ అదే బస్సులో వచ్చింది. అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర టీకి ఆపితే దిగి, హోటల్ చుట్టూ రెండుసార్లు తిరిగిందట. పక్క సీటావిడ ఏమైనా పోయిందా అని అడిగిందట. పొద్దున్న దిగేసరికి చెప్పులు కాళ్లకే ఉన్నాయి, కాస్త బిగుతుగా.